వర్చువల్ రియాలిటీలో వేడి, చల్లదనం, స్పర్శ: శ్రీకాకుళం ఉక్కపోతలో చాలాకాలం వాడాక

వర్చువల్ రియాలిటీలో, అంటే కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని చూసే కంప్యూటర్ లోకంలో, చూపు, వినికిడి ఎప్పుడో కుదిరాయి. చేతి సంగతే ఇంకా తేలలేదు. ఎదురుగా ఇత్తడి చెంబు మెరుస్తూ కనిపిస్తుంది, పట్టుకోబోతే గాలి తప్ప ఏమీ ఉండదు. ఈ వెలితి తీర్చడానికి దొరికే సరుకులో కొంత కొని, కొంత సొంతంగా కూర్చుకుని, ఎండాకాలాలూ వానాకాలాలూ దాటి వాడుతూ వచ్చాను. ఇప్పుడు నా దగ్గర ఒక వైబ్రేషన్ చొక్కా, వేళ్ల కొసల్లో చిన్న మోటార్లున్న చేతి తొడుగులు, నేనే తయారుచేసుకున్న వేడి–చల్లదనం పరికరం, ఒక మామూలు టేబుల్ ఫ్యాను ఉన్నాయి. చొక్కాలోని మోటార్లన్నీ కలిసి ఒంటినిండా అదిరినా కలగని నమ్మకం, వేలికి గోరంత బిళ్ల చల్లగా తగిలితే కలుగుతోంది. ఎందుకో, ఎంతవరకో, మన కోస్తా వాతావరణంలో ఎక్కడ తేలిపోతుందో వివరంగా రాస్తాను. ఈ దారిలో డబ్బు పెట్టబోయే వాళ్లకు అది ఉపయోగపడాలి.

నేను శ్రీకాకుళంలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మిగిలిన వేళల్లో మా జిల్లా చేతిపనుల మీద వర్చువల్ దృశ్యాలు తయారుచేస్తాను. బుడితిలో ఇత్తడి, కంచు పోత పోసే కొలిమి, పొందూరులో నూలు వడికే ఇల్లు, నాగావళి రేవు మెట్లు, ఇవీ నా దృశ్యాలు. ఆటలు ఆడే వాళ్లకు తుపాకీ దెబ్బ తగిలినట్టుంటే చాలు. నాకు చాలదు. బుడితి చెంబును పిల్లవాడి చేతిలో పెట్టినప్పుడు అది లోహమని చేతికి తెలియాలి. పొందూరు ఖద్దరును వేళ్ల మధ్య నలిపితే అది నూలని తెలియాలి. నా కొలతలన్నీ ఈ అవసరం నుంచి పుట్టినవే, కాబట్టి ఆటల కోసం చదివే వాళ్లు నా తీర్పును కాస్త సర్దుకుని చదువుకోవాలి.

చొక్కా గురించి తొందరగా ముగిస్తాను. లోపల ఛాతీ వైపూ వీపు వైపూ వరసలుగా చిన్న మోటార్లు ఉంటాయి. ఒక్కో మోటారు ఇరుసుకు ఒక పక్కకు ఒరిగిన బరువు ఉంటుంది. మోటారు తిరిగితే ఆ బరువు ఊపుకు ఒళ్లు అదురుతుంది. పాత సెల్‌ఫోన్లలో ఉన్న ఏర్పాటే ఇది. దీనికి ఒక పుట్టు లోపం ఉంది. గట్టిగా అదరాలంటే వేగంగా తిరగాలి, వేగం తగ్గిస్తే అదురూ తగ్గుతుంది. మెల్లగా కానీ బలంగా అనే స్పర్శ దీనివల్ల కాదు. అయినా ఒక మంచి గుణం ఉంది. పక్కపక్కన ఉన్న రెండు మోటార్లు కొద్దిపాటి తేడాతో అదిరితే, ఆ రెంటి మధ్య ఏ మోటారూ లేని చోట తగిలినట్టు అనిపిస్తుంది. వరసగా నడిపితే వీపు మీద ఎవరో వేలితో గీత గీసినట్టే ఉంటుంది. ఎక్కడ తగిలిందో చొక్కా బాగా చెబుతుంది, ఏది తగిలిందో చెప్పలేదు. వాన చినుకూ, భుజం తట్టిన చేయీ, కొలిమి నుంచి ఎగిరిన నిప్పురవ్వా దానికి ఒకటే అదురు. పైగా మే నెలలో మన ఊళ్లలో దాన్ని వేసుకుని పావుగంట నిలబడటం కష్టం. లోపల పలచని నూలు బనియను తప్పనిసరి, ప్రతిసారీ విప్పి ఆరబెట్టాల్సిందే. ప్రస్తుతం అది బీరువాలోనే ఎక్కువ కాలం ఉంటోంది.

చేతి తొడుగులు చొక్కా కంటే చాలా మేలు. వీటిలో ఉండేది తిరిగే మోటారు కాదు, స్ప్రింగు మీద అటూ ఇటూ కదిలే చిన్న బరువు. చురుగ్గా మొదలవుతుంది, చురుగ్గా ఆగుతుంది. బల్లను తట్టినప్పుడు, తలుపు గొళ్లెం పడినప్పుడు, సుత్తి దెబ్బ వేసినప్పుడు వేలికి వచ్చే ఆ క్షణపు దెబ్బ ఎంతో నమ్మకంగా ఉంటుంది. చేతివేళ్ల కదలికను హెడ్‌సెట్ కెమెరాలే పట్టుకుంటాయి కాబట్టి కంట్రోలర్ పట్టుకోనక్కర్లేదు.

ఇబ్బంది తట్టడంలో లేదు, తడమడంలో ఉంది. మన చర్మంలో వేగమైన అదురును పట్టుకునేవి పచీనియన్ కణికలు. సెకనుకు 200 నుంచి 300 కంపనాల దగ్గర అవి అత్యంత చురుకు. చిన్న మోటార్లు పనిచేసేదీ దాదాపు ఆ ప్రాంతంలోనే, అందుకే అంత చిన్న మోటారుకు అంత ప్రభావం. అయితే ఈ కణికలు చర్మం లోతులో ఉంటాయి. ఒక్కొక్కటీ చాలా విశాలమైన భాగం నుంచి కబురు అందుకుంటుంది. కాబట్టి వేలి కొసన మోటారు అదిరితే వేలంతా జివ్వుమంటుంది. అంచు ఎక్కడ ఉందో, నునుపు ఎక్కడ మొదలైందో తెలిపే నరాలు వేరే ఉన్నాయి. వాటికి అదురు కాదు, ఒత్తిడీ చర్మపు సాగుడూ కావాలి.

దీన్ని నాకంటే బాగా చెప్పింది పొందూరులో ఉండే మా అత్త. ఆవిడ చిన్నప్పటి నుంచి నూలు వడుకుతున్నారు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ సన్నని పళ్ల వరస పీచును చీల్చకుండా చెత్తనంతా లాగేస్తుంది. అలా దువ్విన పత్తితో నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నని నూలు కూడా చేత్తోనే తీస్తారు. బట్ట చూడమంటే అత్త ముందు కళ్లు పెట్టరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి రాసి చెబుతారు. నేను దృశ్యంలో పెట్టిన ఖద్దరుకు లెక్క కట్టే కంపనం ఇచ్చాను. పోగుకూ పోగుకూ మధ్య దూరం, వేలు కదిలే వేగం, ఈ రెంటినిబట్టి సెకనుకు ఎన్ని కంపనాలో వస్తుంది. వేగంగా రాస్తే సన్నగా, నిదానంగా రాస్తే బరకగా మారుతుంది. లెక్క తప్పులేదు. అత్త తొడుగు వేసుకుని రెండుమూడుసార్లు రాసి, "గరుకు తెలుస్తోంది గానీ బట్ట తెలియడం లేదమ్మా" అన్నారు. ఇన్నాళ్ల తర్వాత కూడా వైబ్రేషన్ తొడుగుల మీద నా తీర్పు ఇంతే. మెత్తదనం అంటే వేలు నొక్కినకొద్దీ బట్ట వేలిని చుట్టుకోవడం, తగిలే భాగం విశాలం కావడం. అదురు ఎంత సన్నగా మార్చినా అది రాదు. రాయి, చెక్క, ఇసుక ఉపరితలాలకు ఈ తొడుగులు బాగా సరిపోతాయి. బట్ట కోసం, పండు కోసం, పసిపాప బుగ్గ కోసం కొనకండి.

ఇక వేడి, చల్లదనం. అసలు మాట ఇక్కడే ఉంది.

నా పరికరంలో ఉన్నది పెల్టియర్ బిళ్ల. రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట కరెంటు ప్రవహిస్తే ఒక కూడలి వేడెక్కి, మరొకటి చల్లబడుతుందని ఫ్రాన్స్‌లో పెల్టియర్ 1834లో గమనించాడు. ఇప్పటి బిళ్లల్లో లోహాలకు బదులు సెమీకండక్టర్ దిమ్మెలు రెండు పింగాణీ పలకల మధ్య ఉంటాయి. కరెంటు దిశ మారిస్తే వేడి వైపు చల్లగా, చల్లని వైపు వేడిగా మారిపోతుంది. ఒకే బిళ్లతో మంచూ నిప్పూ రెండూ చూపించవచ్చన్నమాట. చిన్న కూలింగ్ పెట్టెల్లో వాడే టీఈసీ1–12706 అనే 40 మిల్లీమీటర్ల చదరపు రకం ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అరచేతికి అది పెట్టాను, వేళ్లకు 15 మిల్లీమీటర్లవి పెట్టాను. ఉష్ణోగ్రత కొలవడానికి ఒక్కో బిళ్లకు ఒక థర్మిస్టర్, కరెంటు దిశ మార్చడానికి బొమ్మ కార్లలో వాడే మోటారు డ్రైవర్, అన్నిటినీ నడిపించి హెడ్‌సెట్‌తో మాట్లాడటానికి ఒక ఈఎస్‌పీ32 బోర్డు ఉన్నాయి. కొత్త పరిశోధన ఏమీ ఇందులో లేదు. ఇటలీలో తయారయ్యే టచ్‌డైవర్ అనే చేతి పరికరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడింటికీ ఒత్తిడి, గరుకు, ఉష్ణోగ్రత కలిపి ఇస్తుంది. అమెరికాలో హాప్ట్‌ఎక్స్ తొడుగులు సన్నని గొట్టాల్లో గాలి నింపి చర్మాన్ని చుక్కచుక్కగా నొక్కుతాయి. అవి ప్రయోగశాలల కోసం, పెద్ద కంపెనీల శిక్షణ కోసం చేసినవి. సొంత ఖర్చుతో ఇంట్లో వాడుకునే మనిషికి ప్రస్తుతం పెల్టియర్ బిళ్లే దిక్కు.

వాడిన మొదట్లోనే తెలిసిన విషయం, చర్మానికి ఉష్ణోగ్రత అంకె పట్టదు. మార్పే పడుతుంది. వేలి చర్మం మామూలుగా 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. బిళ్లను 24 డిగ్రీలకు దించి అక్కడే ఉంచితే మొదట చురుగ్గా చల్లగా ఉంటుంది. కాసేపటికి వేలు అలవాటు పడి ఊరుకుంటుంది. అదే బిళ్లను 24 నుంచి 27కు పెంచితే, 27 కూడా చర్మం కంటే తక్కువే అయినా, వెచ్చబడినట్టు అనిపిస్తుంది. కాబట్టి గది అంతసేపూ చల్లగా ఉందని చూపించడానికి బిళ్లను అంతసేపూ చల్లగా నడపడం కరెంటు దండగ. తాకిన క్షణంలో, వదిలిన క్షణంలో, నీడలోంచి ఎండలోకి వచ్చిన క్షణంలో మార్పు ఇస్తే చాలు. మిగిలినది మనసు పూరించుకుంటుంది.

చల్లదనం విషయంలో సమయం చాలా ముఖ్యం. బిళ్ల చల్లబడటానికి ఒక సెకను అటూ ఇటూ పడుతుంది. కంటికి వేలు చెంబును తాకింది, చలి సెకను తర్వాత వచ్చింది అంటే అది చెంబు చలి కాదు, ఎక్కడిదో చలి. ముందే చల్లబరిచి పెట్టుకుంటే తాకకముందే వేలికి తెలిసిపోతుంది. దీనికి పరిష్కారం చిన్న సర్వో మోటారు, అంటే చెప్పినంత మేరకే తిరిగి ఆగే మోటారు. బొమ్మ విమానాల్లో వాడే 9 గ్రాముల రకం. బిళ్ల వేలికి కాస్త ఎడంగా ఉండి ముందుగానే చల్లబడుతుంది. దృశ్యంలో వేలు చెంబును తాకగానే సర్వో బిళ్లను తెచ్చి వేలికి ఆనిస్తుంది. అందుకు పట్టేది సెకనులో పదో వంతు. ఒత్తిడీ చలీ ఒకేసారి తగులుతాయి. ఈ మార్పు చేసిన రోజు నుంచి నా దృశ్యాలు వేరే అయిపోయాయి. అంతకుముందు చూసిన వాళ్లు "చల్లగా ఉంది" అనేవారు. ఇప్పుడు "చెంబు చల్లగా ఉంది" అంటున్నారు.

బుడితిలో పోత పనిచేసే మా మామయ్యకు ఇది తొడిగించినప్పుడు జరిగింది చెప్పాలి. ఆయన జీవితమంతా కంచు, ఇత్తడి పట్టుకున్న చేయి. తెర మీది చెంబు కడుపు మీద నాలుగు వేళ్లూ వేసి, తీయకుండా అలాగే ఉంచారు. నేను మెచ్చుకోలు కోసం చూస్తున్నాను.

"ఇది చెంబు కాదు" అన్నారు. "చెంబయితే ఈపాటికి నా చేతి వేడి ఎక్కేది. ఇది గుండు. లోపలంతా లోహం నిండిన గుండు."

"ఎంతసేపట్లో ఎక్కుతుంది మామయ్యా?" అన్నాను.

ఆయన హెడ్‌సెట్ తీసేసి, అరమీద చెంబు దింపి, నా వేళ్లు తీసుకుని దాని కడుపు మీద ఆనించారు. "లెక్కపెట్టుకో" అన్నారు. మొదట చురుక్కుమన్న చలి నిమిషం తిరగకుండానే మెత్తబడి, లోహం నా చేతి వెచ్చదనానికి వచ్చేసింది. తర్వాత వేళ్లను అంచు మీదికి జరిపారు. అక్కడ ఇంకా చల్లగానే ఉంది. "ఇక్కడ లోహం మందం. తొందరగా లొంగదు."

ఒక వస్తువు చల్లగా ఉందని చేయి చెప్పేది దాని ఉష్ణోగ్రతను కాదు, మన వేడిని అది లాక్కునే వేగాన్ని. ఒకే గదిలో ఉన్న చెక్క పీటా ఇత్తడి చెంబూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. ఇత్తడి చెక్క కంటే కొన్ని వందల రెట్లు వేగంగా వేడిని పోనిస్తుంది కాబట్టి అది చల్లగా తోస్తుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. పలచని చెంబు కడుపు ఎంత తొందరగా నిండుతుందో, మందమైన అంచు ఎంతసేపు బిగదీసుకుని ఉంటుందో మాత్రం మామయ్య చేయి చెప్పింది. ఇప్పుడు నా దృశ్యంలో ప్రతి వస్తువుకూ చల్లబడే గీత ఒకటి, తిరిగి వెచ్చబడే గీత ఒకటి వేరువేరుగా ఉన్నాయి. గీత అంటే ఎంతసేపట్లో బిళ్ల ఎంత ఉష్ణోగ్రతకు రావాలో చెప్పే గ్రాఫు. కడుపుకు ఒక తీరు, అంచుకు మరో తీరు. చెక్కకు కొద్దిగా దిగి వెంటనే కోలుకునే తీరు. ఈ పరికరంలో అన్నిటికంటే విలువైన భాగం ఈ గీతలే. బిళ్ల ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఆయనే మరో మాట అన్నారు: వైశాఖం మిట్టమధ్యాహ్నం ఇంట్లో చెంబు చల్లగా ఎందుకుంటుంది, నీళ్లు పోస్తే తప్ప? నిజమే. గది 34, 35 డిగ్రీలు ఉన్న రోజున ఇత్తడి కూడా చర్మం అంత వెచ్చగానే ఉంటుంది. అందుకే కొలిమి దృశ్యాన్ని మాఘమాసపు తెల్లవారుజాముకు మార్చాను. గోడమీద వెలుతురు మారింది, పొగమంచు వచ్చింది, చెంబు చలికి కారణం దొరికింది.

బిళ్లలు ఆదా చేసే ఒక చిట్కా ఉంది. చూపుడువేలికీ ఉంగరపువేలికీ చల్లని బిళ్లలు పెట్టి, మధ్యవేలు మామూలు ఉష్ణోగ్రతలో ఉన్న దానికి ఆనిస్తే, మధ్యవేలికి కూడా చల్లగా తెలుస్తుంది. బారీ గ్రీన్ అనే పరిశోధకుడు 1977లో దీన్ని వివరంగా చూపించాడు. వేడికీ ఇలాగే జరుగుతుంది. మధ్యవేలికి ఏదో ఒకటి ఆని ఉండాలన్నది నియమం, గాలిలో ఉంటే కుదరదు. అక్కడ ఒక చిన్న రేకు ముక్క అంటించాను. ఒక బిళ్ల, ఒక సర్వో, వాటి బరువు తగ్గాయి.

దీనికంటే ఆశ్చర్యం బరువు. నా పరికరంలో బరువు పుట్టించేది ఏదీ లేదు. అయినా చల్లని చెంబును ఎత్తిన వాళ్లు, చలి ఆపేసి ఎత్తించినప్పటికంటే అది బరువుగా ఉందని తమంతట తామే చెబుతారు. జర్మనీ శాస్త్రవేత్త వెబర్ పంతొమ్మిదో శతాబ్దంలోనే దీన్ని గమనించాడు. నుదుటి మీద పెట్టిన చల్లని వెండి నాణెం, అంతే బరువున్న వెచ్చని నాణెం కంటే బరువుగా తోస్తుందని రాశాడు. లోహపు వస్తువులు చూపించే వాళ్లకు ఇది ఉచితంగా దొరికే లాభం.

తడి కూడా ఇలాంటిదే. మన చర్మంలో తడిని నేరుగా పట్టుకునే నరం అంటూ లేదు. చలినీ జారుడునూ కలిపి మెదడు తడి అని అర్థం చేసుకుంటుంది. నాగావళి రేవు దృశ్యంలో అరచేతి బిళ్లను మెత్తగా చల్లబరిచి, తొడుగుల మోటార్లను అతి సన్నగా ఆడిస్తే, నీళ్లలో చేయి ముంచిన పిల్లలు బయటికి తీసి చేయి దులుపుకుంటారు. పొడి చేతినే దులుపుకుంటారు. అది చూసినప్పుడు ఈ పనిమీద పెట్టిన కష్టమంతా తీరిపోతుంది.

వేడి తీరు చలి తీరు కాదు. చలి కబురు మోసుకెళ్లే నరాలు చురుకైనవి. వెచ్చదనం కబురు మోసే నరాలు సెకనుకు సుమారు మీటరు దూరమే నడుస్తాయి. అంటే చేతి నుంచి మెదడుకు చేరడానికే దాదాపు సెకను. కాబట్టి వేడిని తాకిన క్షణంలో ఇవ్వడానికి తంటాలు పడటం కంటే, దగ్గరికి వస్తున్నప్పుడే మొదలుపెట్టాలి. కొలిమికి అది సహజం కూడా. రెండడుగుల దూరం నుంచే సెగ తగలాలి కదా. ఇంకొకటి, వెచ్చదనం తగిలే వైశాల్యం పెరిగినకొద్దీ బలంగా తెలుస్తుంది. వేలి కొసన చిన్న బిళ్ల ఇచ్చే వేడి పేలవంగా ఉంటుంది. అరచేతికీ మణికట్టు లోపలి వైపుకీ పెద్ద బిళ్ల ఉంటే అంతకంటే తక్కువ ఉష్ణోగ్రత కూడా చాలు. చలికి వేళ్లు, వేడికి అరచేయి. ఇలా పంచుకున్నాక సగం సమస్యలు తీరాయి.

రంగు కూడా సాయం చేస్తుంది. మూసలో కరిగిన ఇత్తడి ఎర్రగా కదులుతుంటే 39 డిగ్రీల బిళ్ల సెగలా తోస్తుంది. అదే 39 డిగ్రీలు బూడిద రంగు గోడ పక్కన అయితే ఎవరికీ పట్టదు. అందుకే నిజంగా వేడెక్కించే అవసరమే రాదు, ఎక్కించనూ కూడదు. కాలుతున్నట్టు తెలిపే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం సుమారు 43 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. మిరపకాయ కారానికి స్పందించేదీ అదే. దాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు, ఒత్తిడిని పట్టుకునే పీజో గ్రాహకాలను కనిపెట్టినందుకు ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. అదే సంవత్సరం షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు చర్మం మీద మెంథాల్, మిరప ఘాటు వంటివి పూసి చలి, వేడి పుట్టించే పద్ధతి చూపించారు. నేను దాని జోలికి పోలేదు. బిళ్లను క్షణాల్లో ఆపగలను, పూసిన మందును ఆపలేను.

మన ప్రాంతంలో చల్లదనానికి శత్రువు ఉక్క. బిళ్ల వేలి దగ్గర లాగిన వేడికి తాను వాడుకున్న కరెంటు వేడిని కూడా కలిపి వెనకవైపు వదులుతుంది. ఆ వేడిని హీట్ సింక్ రెక్కలు గాలిలోకి పంపాలి. గదే 35 డిగ్రీలు ఉంటే ఎక్కడికి పంపుతాయి? నాలుగైదు నిమిషాల్లో వెనకవైపు వేడి పేరుకుని, చల్లని వైపుకు పాకి, చెంబు గోరువెచ్చగా మారిపోతుంది. జనవరిలో ఇదే పరికరం సొగసుగా నడుస్తుంది. వేసవిలో చిన్న కంప్యూటర్ ఫ్యాను బిగించినా, చల్లని స్పర్శలను దూరదూరంగా పెట్టుకోవాల్సిందే. దానికి తోడు తేమ. గాలిలో నీటి ఆవిరి అంత దట్టంగా ఉన్నప్పుడు 20 డిగ్రీల బిళ్ల మీద నీళ్లు చెమ్మగిల్లి బొట్లుగా దిగుతాయి. రేవు దృశ్యానికి అది కలిసొచ్చినా, తీగలకు చేటు. అతుకుల మీద సిలికాన్ పూయకపోతే పచ్చగా చిలుము పడుతుంది. కళింగపట్నం వైపు ప్రదర్శనకు తీసుకెళ్లినప్పుడు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరిగింది. హైదరాబాదు పొడి ఎండలో వాడే వాళ్లు రాసిన మాటలను నమ్మి మన దగ్గర బిళ్లల సంఖ్య లెక్కేసుకోవద్దు.

ఆ ఉక్కే ఒక చోట మనకు పనికొస్తుంది. చెమట పట్టిన చేతుల మీద ఫ్యాను గాలి తగిలితే వచ్చే చల్లదనానికి ఏ బిళ్లా సాటి రాదు, ఎందుకంటే అది నిజంగా చెమట ఆరుతూ ఇచ్చే చల్లదనం. టేబుల్ ఫ్యానుకు రిలే ఒకటి, అంటే ప్రోగ్రాము నడిపించే స్విచ్, తగిలించి, దృశ్యంలో తలుపు తెరుచుకున్నప్పుడు, ఏటి గట్టు ఎక్కినప్పుడు నడిచేలా చేశాను. హైలిగ్ అనే ఆయన 1962లో పేటెంట్ తీసుకున్న సెన్సోరమా యంత్రంలోనే ముఖానికి గాలి కొట్టే ఏర్పాటు ఉంది. అరవై ఏళ్ల తర్వాత కూడా పెట్టిన ప్రతి రూపాయికీ ఇంత ఫలితం ఇచ్చేది నా గదిలో మరొకటి లేదు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే వాళ్లెవరైనా ముందు ఫ్యానుతో మొదలుపెట్టండి. తర్వాత వేళ్లకు రెండు బిళ్లలు, అరచేతికి ఒకటి. ఆ తర్వాత తొడుగులు. చొక్కా అవసరమా కాదా అన్నది అప్పటికి మీకే తెలుస్తుంది.

కరెంటు విషయం. పెద్ద బిళ్ల ఒక్కటే నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. ఫోన్లకు వాడే పవర్ బ్యాంకు దీనికి చాలదు. లిథియం సెల్స్ పెట్టె నడుముకు కట్టుకోవాలి, లేదా తీగతో గోడకు కట్టుబడాలి. నేను తీగకే కట్టుబడ్డాను. నా దృశ్యాల్లో మనిషి పెద్దగా నడవడు కాబట్టి సరిపోయింది. పరుగులు పెట్టే ఆటలకు ఇది పనికిరాదు.

జాగ్రత్తల గురించి గట్టిగా చెప్పాలి. 44 డిగ్రీలు తక్కువగా అనిపించవచ్చు. మోరిట్జ్, హెన్రిక్స్ 1947లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఆ వేడి ఆరు గంటలపాటు చర్మానికి ఆని ఉంటే కాలిన గాయం అవుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ సమయం గబగబా తగ్గిపోతుంది. 60 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లు చాలు. నా పరికరంలో 41 దాటితే ప్రోగ్రాముతో సంబంధం లేకుండా కరెంటు తెంచేసే విడి స్విచ్ ఉంది. కింది వైపు 15కు దిగకూడదు, అక్కడి నుంచి చలి నొప్పిగా మారుతుంది. ప్రోగ్రామును నమ్ముకుని ఆ స్విచ్ మానేయకండి. కరెంటు దిశ మార్చే డ్రైవర్ ఒక్కటి ఇరుక్కుపోతే చల్లని చెంబు కాస్తా క్షణాల్లో కాలే రేకవుతుంది.

మధుమేహంతో వేళ్లు తిమ్మిరెక్కే పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లకు వేడి ఆలస్యంగా తెలుస్తుంది, ఒక్కోసారి అసలు తెలియదు. ప్రదర్శనల్లో అందరికంటే ఆసక్తిగా ముందుకు వచ్చేది వాళ్లే, కాదనడానికి మనసొప్పదు. అలాంటి వాళ్లకు వేడి వైపు పూర్తిగా ఆపేసి, చలీ ఫ్యానూ మాత్రమే ఇస్తున్నాను. అదీ 25 డిగ్రీల కిందికి దించకుండా. తొడిగే ముందు రెండు గ్లాసుల్లో గోరువెచ్చని నీళ్లు, చల్లని నీళ్లు పెట్టి ఏది ఏదో కళ్లు మూసుకుని చెప్పమని అడుగుతాను. పిల్లలకైతే పట్టీ బిగింపే సమస్య. వేలు సన్నగా ఉంటే సర్వో తెచ్చిన బిళ్ల ఒక అంచే తగిలి, చలి గీత సగమే అందుతుంది. ప్రస్తుతం ఎనిమిదేళ్ల పిల్లల వేలికి సరిపడే పలచని తొడుగులు పొందూరు నూలుతోనే అత్త చేత కుట్టిస్తున్నాను. బిళ్ల ఆనే చోట మాత్రం బట్ట లేకుండా వదిలేయమన్నాను.